మంచుబండ్ల ఊరిలో ఒక చలికాలం

మన పత్రికలో విదేశయాత్రల గురించి రాసేవారు నయాగరా జలపాతం గురించో, పిట్స్‌బర్గు వెంకటేశ్వరస్వామి గుడి గురించో రాయడం పరిపాటి. మేము వెళ్ళింది అలాంటి పేరున్న చోటుకు కాదు. కెనడాలో బ్రిటిష్ కొలంబియా రాష్ట్రపు ఆగ్నేయ మూలన, రాకీ పర్వతాల నడుమ, ఎల్క్ నది లోయలో స్పార్‌వుడ్ అని ఒక చిన్న ఊరుంది. జనాభా నాలుగు వేల పైచిలుకు. ఊరి మధ్యలో ఆకుపచ్చ రంగు లారీ ఒకటి నిలబెట్టి ఉంది. 1970లలో తయారైనప్పుడు ప్రపంచంలో అంత పెద్ద లారీ మరొకటి లేదు. 350 టన్నులు మోసేది. ఊరంతా బొగ్గు గనుల మీద బతుకుతుంది. మా అబ్బాయి అక్కడ గని ఇంజనీరు. నేనూ మా ఆవిడా నవంబరు నుంచి మార్చి దాకా వాడి దగ్గర ఉండి వచ్చాము.

మాది కోలారు బంగారు గనులు. మా తాత చిత్తూరు జిల్లా నుంచి పని వెతుక్కుంటూ వచ్చి అక్కడ స్థిరపడ్డాడు. ఇంట్లో తెలుగు, బజారులో తమిళం, ఆఫీసులో కన్నడం, షిఫ్టు బాసుతో ఇంగ్లీషు, అదీ మా బతుకు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడేదాకా నేను భూమి లోపలే పనిచేశాను. అందుచేత స్పార్‌వుడ్‌లో దిగిన రోజే నాకు మన ఊరికి వచ్చినట్లుంది. ఆ లోయలో కూడా గని చావులు లెక్కలేనన్ని. 1902లో పక్కనున్న ఫెర్నీ దగ్గర కోల్ క్రీక్ గనిలో పేలుడు జరిగి 128 మంది పోయారు. 1967లో బామర్ నార్త్ గనిలో 15 మంది. గని ఊరివాళ్ళకు ఇలాంటి అంకెలు తేదీలతో సహా గుర్తుంటాయి. ఏ దేశమైనా అంతే.

వెళ్ళిన వారం రోజులకు మా ఆవిడ గరాజులో ఒక బండిని చూసింది. ముందు రెండు స్కీ పలకలు, వెనుక పొడవాటి రబ్బరు పట్టా, నడుమ మోటారు సైకిలు లాంటి సీటు. స్నోమొబైల్ అంటారు, వాళ్ళ వాడుకలో స్లెడ్. బరువు రెండు క్వింటాళ్ళ పైమాట. మనిషి నడుము లోతు మెత్తని మంచు మీద కూడా మునగకుండా కొండ ఎక్కుతుంది. ఆదివారాలు వీడు దీని మీద కొండల్లోకి పోతాడని తెలిసి మా ఆవిడ ముఖం వాడిపోయింది. ఆమె తమ్ముడు ఇరవై ఆరేళ్ళ వయసులో గనిలో బండ పేలి చనిపోయాడు. సైరను కూత విని గని గేటు దగ్గర రాత్రంతా నిలబడిన మనిషి ఆమె.

"ఆరు రోజులు కొండ తవ్వేది చాలక ఏడో రోజు మళ్ళీ కొండ మీదికే ఎందుకురా?" అంది.

"అమ్మా, మా క్లబ్బుకు ఒకసారి వచ్చి చూడు. చూసినాక కూడా వద్దంటే బండి అమ్మేస్తా" అన్నాడు వాడు.

ఈ బండి పుట్టుక వెనుక కూడా ఒక తండ్రి దుఃఖం ఉంది. క్విబెక్ రాష్ట్రంలో వాల్‌కోర్ అనే పల్లెలో జోసెఫ్ అర్మాండ్ బొంబార్డియే అనే మెకానిక్ ఉండేవాడు. 1934 చలికాలంలో ఆయన రెండేళ్ళ కొడుక్కు కడుపులో జబ్బు చేసింది. దారులన్నీ మంచుతో మూసుకుపోవడంతో ఆసుపత్రికి చేర్చలేకపోయాడు, బిడ్డ పోయాడు. మంచు మీద పోయే బండి చేయాలని అంతకు ముందు నుంచే తంటాలు పడుతున్న ఆయన మూడేళ్ళలో పళ్ళచక్రం, రబ్బరు పట్టాతో నడిచే ఏడుగురు పట్టే బండిని తయారుచేశాడు. డాక్టర్లకు, టపా మోసేవారికి, బడిపిల్లలకు అది అక్కరకొచ్చింది. 1959లో ఒకరిద్దరు ఎక్కే చిన్న బండి ‘స్కీ-డూ’ వచ్చింది. అప్పటి నుంచి పల్లెటూళ్ళలో ఇది వాహనమూ అయింది, వినోదమూ అయింది.

మాటిచ్చిన ప్రకారం మమ్మల్ని క్లబ్బు సమావేశానికి తీసుకెళ్ళాడు. అక్కడ కూర్చున్న పది నిమిషాలకు మన తెలుగు సంఘం కార్యవర్గ సమావేశంలో ఉన్నట్లే అనిపించింది. అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి, నిరుటి లెక్కలు, చందా పెంచాలా వద్దా అని వాదన, మాట్లాడటం మొదలుపెడితే ఆపని ఒక పెద్దాయన. జీతం లేని పనే అయినా పని మాత్రం చాలా ఉంటుంది. ఎండాకాలం చివర్లో అందరూ రంపాలు పట్టుకుని పోయి దారికి అడ్డంగా పడిన చెట్లు కోస్తారు. కొండ మీద ఉన్న చెక్క గదుల్లో పొయ్యికి కట్టెలు పేరుస్తారు. దారి పొడుగునా గుర్తు పలకలు పాతుతారు. మంచు పడ్డాక గ్రూమర్ అనే పెద్ద యంత్రంతో రాత్రిపూట దారి చదును చేస్తారు. రాత్రి చలికి అది గట్టిపడి పొద్దున బండ్లకు అనువుగా ఉంటుంది. తెలియనివాడు కొండ మీద చలికి బిగుసుకుపోతే ప్రాణం నిలిపేది ఆ చెక్క గదే. దానికి తాళం వేయరు.

నెలకో సారి అందరూ తలా ఒక వంటకం తెచ్చి కలిసి భోంచేస్తారు. మా ఆవిడ చింతపండు పులిహోర చేసుకుపోయింది. గిన్నె ఖాళీ అయ్యాక ఆ మాట ఆగని పెద్దాయన వచ్చి వేరుశనగపప్పు ఎందుకంత కరకరలాడుతోందని అడిగాడు. ఆయనా బొగ్గు గనిలో పనిచేసి విరమించిన మనిషే. ఆయన మాట్లాడింది నాకు సగం అర్థమైంది, నేను మాట్లాడింది ఆయనకు సగం అర్థమైంది. గని మాట వచ్చేసరికి ఇద్దరికీ అంతా అర్థమైంది.

ఆయనే 2008 సంగతి చెప్పాడు. ఆ డిసెంబరు 28న ఇదే ఊరి నుంచి 11 మంది మగవాళ్ళు స్నోమొబైళ్ళ మీద ఫెర్నీకి తూర్పున హార్వీ కనుమ వైపు పోయారు. మంచు చరియ విరిగిపడి ఒక జట్టులోని ఏడుగురు కూరుకుపోయారు. రెండో జట్టులోని నలుగురు వాళ్ళను తవ్వి తీయడానికి పరుగెత్తారు. తవ్వుతుండగా రెండో చరియ వచ్చి వాళ్ళనూ కప్పేసింది. మొత్తం ఎనిమిది మంది పోయారు. ముగ్గురు బతికారు. నాలుగు వేల మంది ఊర్లో ఎనిమిది మంది అంటే ప్రతి వీధికీ ఒక చావు. అలాంటి ఊరు మళ్ళీ ఆ కొండల్లోకి ఎందుకు పోతున్నదని నేను అడగలేదు. మా తమ్ముళ్ళు పోయిన గనిలోకి మేము మరునాటి షిఫ్టుకు దిగలేదా?

మంచు చరియ ఎలా విరుగుతుందో క్లబ్బువాళ్ళు పెట్టిన శిక్షణలో విన్నాను. చలికాలమంతా మంచు పొరలు పొరలుగా పడుతుంది. ఒక్కో పొర ఒక్కో రకం. నడుమ ఎక్కడో పంచదార పలుకుల్లాంటి పట్టులేని పొర ఒకటి ఉండిపోతుంది. దాని మీద గట్టి పలకలా కొత్త మంచు పేరుకుంటుంది, గాలి ఇంకా తెచ్చి పోస్తుంది. పైన బండి ఎక్కినప్పుడు ఆ పట్టులేని పొర తెగి, పలక మొత్తం జారుతుంది. ముప్పై నుంచి నలభై అయిదు డిగ్రీల వాలు దీనికి బాగా అనువు. సరదాగా ఎక్కాలనిపించేదీ ఆ వాలే. మనుషులను చంపిన చరియల్లో పదింట తొమ్మిది అందులో చిక్కినవాళ్ళో వాళ్ళ జట్టువాళ్ళో కదిలించినవేనట.

ఒక్కోసారి మంచు ముందే హెచ్చరిస్తుంది. కాలి కింద ‘ఉంఫ్’ అని మూలుగు లాంటి శబ్దం వస్తుంది, పగుళ్ళు గీతల్లా పరుగెడతాయి. అది వింటే ఆ వాలు కిందికి కూడా పోకూడదు. ఈ మాట విని నాకు ఒళ్ళు జలదరించింది. మా గనుల్లో బండ పేలడాన్ని ఎయిర్ బ్లాస్ట్ అనేవాళ్ళం. పాత పనివాళ్ళు "బండ మాట్లాడుతోంది, బయటికి రా" అనేవారు. టిక్కు టిక్కుమనే ఆ చప్పుడు విని కదిలినవాళ్ళు చాలామంది ముసలితనం చూశారు.

కొండకు పోయే ప్రతివాడూ మూడు వస్తువులు ఒంటి మీద పెట్టుకోవాలి: ట్రాన్స్‌సీవర్, పొడవాటి మడత కడ్డీ, పార. ట్రాన్స్‌సీవర్ అంటే కోటు లోపల కట్టుకునే చిన్న రేడియో పెట్టె. అది 457 కిలోహెర్ట్జ్ మీద కూత పంపుతూ ఉంటుంది. ఏ కంపెనీ పెట్టె అయినా అదే అంకె. ఎవరైనా కూరుకుపోతే మిగిలినవాళ్ళు తమ పెట్టెలను వెతికే వైపు తిప్పి, కూత బలమైన చోట కడ్డీ గుచ్చి, తగిలిన చోట తవ్వాలి. కడ్డీ, పార బండికి కట్టకూడదు, వీపున సంచిలోనే ఉండాలి. బండి ఒక పక్కకు, మనిషి ఒక పక్కకు పోతారు కదా. పది నిమిషాలలోపు బయటికి తీస్తే పదిమందిలో తొమ్మిదిమంది బతుకుతారు. అర్ధగంట అయ్యేసరికి ఆ సంఖ్య ముగ్గురికి దిగుతుంది. హెలికాప్టరు అంతలో రాలేదు కాబట్టి పక్కనున్న స్నేహితుడే దిక్కు.

ఇంకా కొన్ని నియమాలున్నాయి. వాలు మీదికి ఒక సమయంలో ఒక్కడే పోవాలి. తక్కినవాళ్ళు చరియ పడినా తగలని చోట ఆగి చూస్తుండాలి. ఎవడి బండి అయినా వాలు మీద కూరుకుపోతే రెండోవాడు సాయానికి పోకూడదు. రక్షించడానికి పరుగెత్తే ముందు, పైన ఇంకా పడవలసినది ఏమైనా ఉందా అని తలెత్తి చూడాలి. మా గని రెస్క్యూ దళానికీ మొదటి పాఠం అదే: విషవాయువులోకి తొందరపడి దూకినవాడు మరో శవం అవుతాడు.

అవలాంచ్ కెనడా అనే సంస్థ చలికాలంలో రోజూ ప్రమాద సూచన ప్రకటిస్తుంది. ఒకటి నుంచి అయిదు మెట్లు. నాలుగు, అయిదు అంటే అందరూ జంకుతారు. ఎక్కువమంది పోయేది మూడో మెట్టు రోజునే, ఎందుకంటే మూడంటే మధ్యస్థం కదా అని ధైర్యం చేస్తారు.

జనవరిలో ఒక ఆదివారం తెల్లవారి ఆరింటికి మావాడు నలుగురు స్నేహితులతో పోయాడు. పదకొండుకల్లా తిరిగొచ్చాడు. బండి మీద మంచు చుక్క కూడా కరగలేదు.

"ఏమిరా, అప్పుడే?" అన్నాను.

"మొదటి మిట్ట దగ్గర శబ్దం వినిపించింది నాయనా. ఒకడు తిరిగిపోదామన్నాడు. ఒక్కడన్నా చాలు, అందరూ తిరగాలని మా లెక్క" అన్నాడు.

ఆ రోజు ఆకాశం నీలంగా, కొండలు వెండి పళ్ళేల్లా ఉన్నాయి. ఎనభై మైళ్ళు రానూ పోనూ లారీ మీద బండ్లు ఎక్కించుకుపోయిన అయిదుగురు యువకులు ఒక్క మనిషి మాట మీద వెనక్కి వచ్చారు. ఎవరూ ఆ మనిషిని ఎగతాళి చేయలేదట. నాకు ఆ క్లబ్బు మీద గౌరవం కలిగింది ఆ పూటనే. దారి బాగుచేయడం, కట్టెలు పేర్చడం ఎవరైనా నేర్పగలరు. "నాకు భయంగా ఉంది" అని నలుగురిలో చెప్పగలిగే చనువు కలిగించడం కష్టం.

మా ఆవిడ బండి అమ్మెయ్యమనలేదు. పొమ్మనీ అనలేదు. ఆమె ఒక పద్ధతి పెట్టింది. పోయే ముందు ఎవరెవరు పోతున్నారు, ఏ లోయకు, ఎన్నింటికి తిరిగొస్తారు అన్నది వంటింటి క్యాలెండరు మీద మావాడి చేత రాయించేది. ఆ వేళ దాటితే ఎవరికి ఫోను చేయాలో కింద రాసి ఉండేది. గుమ్మం దగ్గర వాడి కోటు మీద చేయి వేసి, "పెట్టె ఉందా? వెలుగుతోందా?" అని అడిగి మరీ పంపేది. మా గనుల్లో దిగేటప్పుడు ప్రతివాడికీ ఒక టోకెను ఉండేది. షిఫ్టు అయ్యాక కొక్కానికి రాని టోకెను ఉంటే లోపల మనిషి ఉన్నాడని లెక్క. మా ఆవిడకు ఆ లెక్క ఎవరూ నేర్పనక్కరలేదు. క్లబ్బువాళ్ళు కూడా ఇదే చెబుతారని మా కోడలు అన్నప్పుడు, "చెప్పకపోతే ఎట్లా?" అంది.

మన కుటుంబాల్లో చాలామంది పిల్లలు ఇప్పుడు మిన్నెసోటా, మిషిగన్, ఒంటారియో వంటి చలి ప్రాంతాల్లో ఉన్నారు. అక్కడ కొండల కంటే గడ్డకట్టిన చెరువులు ఎక్కువ. కొత్తగా గడ్డకట్టిన, అద్దంలా కనిపించే మంచుగడ్డ నాలుగు అంగుళాలు ఉంటేనే కాలు పెట్టాలి. స్నోమొబైల్ పోవాలంటే అయిదు నుంచి ఏడు. తెల్లగా ఉండే గడ్డకు సగం బలమే. వాగు చేరే చోట, వంతెన కింద గడ్డ ఎప్పుడూ పలచనే. పొరపాటున నీళ్ళలో పడితే మొదటి నిమిషం ఊపిరి నిలదొక్కుకోవాలి. చేతులు కాళ్ళు పనిచేసేది సుమారు పది నిమిషాలు. స్పృహ తప్పడానికి దాదాపు గంట పడుతుంది. అందుకని కంగారు పడకుండా వచ్చిన వైపే తిరిగి, కాళ్ళు తన్నుతూ గడ్డ మీదికి పాకి, లేచి నిలబడకుండా పొర్లుకుంటూ దూరం రావాలి. మంచు తుపానులో కారు ఆగిపోతే కారు వదిలి నడవకూడదు. ఇంజను వేసే ముందు పొగగొట్టం దగ్గరి మంచు తీసెయ్యాలి, లేకపోతే విషవాయువు లోపలికి వస్తుంది.

పిల్లలకు ఫోను చేసినప్పుడు "అన్నం తిన్నావా?" అని అడుగుతాం. చలికాలంలో దానితో పాటు "ఎక్కడికి పోతున్నావు, ఎవరితో, ఎన్నింటికి వస్తావు?" అని కూడా అడగండి. చాదస్తం అని విసుక్కుంటే విసుక్కోనీండి. మా ఆవిడ ఇప్పుడు కోలారులో ఉన్నా, ఆదివారం వస్తే వాళ్ళ లోయ సమయం లెక్కవేసుకుని వాడు ఇల్లు చేరిన కబురు వచ్చేదాకా నిద్రపోదు. కబురు రాగానే గోడ మీది క్యాలెండరులో ఆ తేదీ పక్కన ఒక టిక్కు పెట్టి దీపం ఆర్పుతుంది.