బొమ్మ కన్నా ముందు చప్పుడు

బీదర్ పక్కనే ఉన్న జహీరాబాద్‌లో చాలామందికి ఇంట్లో తెలుగు, బజారులో దక్కనీ ఉర్దూ. అందుకే 1993లో రామ్‌సే సోదరుల జీ హారర్ షో, 1995లో సోనీలో ఆహట్ అనే హిందీ దయ్యాల సీరియళ్లు మొదలైనప్పుడు అర్థం చెప్పేవాళ్ల అవసరం పెద్దగా పడలేదు.

అసలు భయపెట్టింది చప్పుడే. తలుపు కిర్రుమంటుంది, ఎక్కడో కుక్క ఏడుస్తుంది, మెట్ల మీద అడుగులు వినిపించి ఆగిపోతాయి. దయ్యం ఇంకా తెర మీదికి రాకముందే పిల్లల దుప్పట్లు ముఖాల మీదికి వచ్చేసేవి! రబ్బరు తొడుగులు, పూసిన రంగులు ఇప్పుడు చూస్తే ఇట్టే తెలిసిపోతాయి. చప్పుళ్లకు మాత్రం వయసు మీద పడలేదు.

తెలుగులో యమున, అచ్యుత్ నటించిన ఈటీవీ సీరియల్ అన్వేషిత ఆ భయాన్ని ఇంటిభాషలోకి తెచ్చింది. అంతకుముందే యండమూరి వీరేంద్రనాథ్ సీరియల్ నవల తులసిదళం పాఠకులకు వారం వారం ఎదురుచూడటం నేర్పింది. ఆ ఎదురుచూపులోనే సగం కథ ఉండేది: మర్నాడు బడిలో చెప్పేవాడు తన వంతు ఇంకో దయ్యాన్ని కలిపేవాడు.

చప్పుడే చాలనుకుంటే రేడియో ఉంది: జహీరాబాద్‌కు దగ్గర్లోని మాచనూరులో దళిత మహిళలు నడిపే సంఘం రేడియో 2008లో మొదలైంది. పల్లె పెద్దల నోట మిగిలిన దయ్యాల కథలు వాళ్ల గొంతుల్లోనే అక్కడ రికార్డు కావాలి, అదీ త్వరగా.