ఆకు విడుచు నీటి లెక్క

వేసవిలో చెట్టుక్రింద చల్లగా నుండుట యెల్లరకు ననుభవమే. దానికి నీడ యొక్కటియే కారణము కాదు. ఆకులు తమ పత్రరంధ్రములగుండ నీటిని ఆవిరిగా విడుచుచుండును. దీనికి బాష్పోత్సేకమని పేరు. కంటికి గానరాని యీ యావిరిని కొలువవలెనని మేము నలుగురు విద్యార్థులము పూనుకొంటిమి.

ఒక సీసాను నీటితో నింపి, రెండు రంధ్రములుగల బిరడా బిగించి, ఒకదానిలో మందారకొమ్మను, రెండవదానిలో అడ్డముగా వంచిన సన్నని గాజుగొట్టమును అమర్చితిమి. కొమ్మ నీరు పీల్చినకొలది గొట్టములోని నీటియంచు వెనుకకు జరుగును. ఇట్టి పరికరమును పోటోమీటరందురు. విసనకఱ్ఱతో విసరగా నీటియంచు మఱింత వేగముగా జరిగెను. మా సంతోషమునకు మేర లేదు. ఆ దినముననే లెక్కలు వ్రాసి తరగతిలో నందఱియెదుట చదివితిమి.

మా యుపాధ్యాయులవారు, "కొమ్మకు మాఱుగా గాజుకడ్డీ నుంచి చూచితిరా?" యని మాత్రమడిగిరి. అట్లు చూచితిమి. ఆకు లేకున్నను నీటియంచు జరుగుచునే యుండెను! బిరడాసందున నీరు కారుచుండెను. మేము కొలిచినదానిలో ఆకుపని యెంతయో, మా యజాగ్రత్త యెంతయో చెప్పజాలకపోతిమి. మఱునాడు అదే తరగతిలో నిలిచి, మా లెక్క తప్పని చెప్పుకొంటిమి. సిగ్గయ్యెను గాని, ఎవరును నవ్వలేదు.

సందులను మైనముతో మూసినపిదప గాజుకడ్డీయొద్ద నీటియంచు కదలలేదు. కాని మఱియొక చిక్కు తోచెను: ఈ పరికరము కొమ్మ త్రాగిన నీటినే తెలుపును, విడిచినదానిని గాదు. త్రాగినదానిలో కొంత కొమ్మయందే నిలువవచ్చును గదా!

అప్పుడు స్టీఫెన్ హేల్స్ అను ఆంగ్లేయ మతాచార్యుని ప్రయోగమును ఉపాధ్యాయులవారు వినిపించిరి. ఆయన 1724 వ సంవత్సరమున కుండీలోని ప్రొద్దుతిరుగుడుమొక్క చుట్టును సీసపురేకు గప్పి, పదునైదు దినములు ఉదయసాయంకాలములందు తూచెను. పగటి పండ్రెండు గంటలలో అది సగటున 1 పౌను 4 ఔన్సులు, అనగా సుమారు 570 గ్రాముల నీటిని విడిచెనని 1727 లో ప్రకటించెను. ఆయనకు ముఖ్యసాధనము త్రాసే!

మేమును మందారమొక్క కుండీనంతయు మైనపుగుడ్డతో చుట్టి, మొక్కమాత్రము వెలుపల నుండునట్లు కట్టి, తూచుట కారంభించితిమి. ఈసారి ఎవరును చెప్పకమునుపే, మొక్కలేని కుండీ నొకదానిని అట్లే చుట్టి ప్రక్కనుంచితిమి. ఆ రెండును విజ్ఞానశాల కిటికీయొద్ద నున్నవి. పాఠశాలకు విచ్చేయు తలిదండ్రులు వానిని జూడ గోరుచున్నాము.