నేల నేర్పిన పాఠం

పల్నాటి నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలు వారుతుంది. పత్తికి అది కన్నతల్లి. కట్టడానికి మాత్రం నమ్మరాని నేల. మిరపకాయలు ఆరబోసుకొనుటకు సిమెంటు కల్లం కోరే దాచేపల్లి రైతు మొదట ఈ సత్యాన్ని గ్రహించాలి.

మట్టిపై ఆరబోసిన కాయకు చెమ్మ తగిలి బూజు పడుతుంది. ఆ బూజులో పుట్టే అఫ్లటాక్సిన్ అనే విషం మోతాదు మించితే ఎగుమతి సరుకు తిరస్కరణకు గురవుతుంది. కనుక కల్లం విలాసం కాదు. ఏడాది కష్టానికి రక్ష.

మా నాన్నగారు కల్లం వేయించినప్పుడు కాంక్రీటు ఒక్క పూటలో ముగిసింది. నేలకు మాత్రం వారం పట్టింది. రేగడిని మూరెడు లోతున తీయించి, గరుసు నింపించి, ప్రతి పొరనూ తడిపి దిమ్మిసతో కొట్టించారు. నీరు నిలవకుండా వాలు పెట్టించారు.

"సాయిబుగారూ, కనబడని పనికి ఇంత కూలెందుకండీ?" అన్నారు ఇరుగుపొరుగు.

"కనబడేదాన్ని మోసేది అదే గదయ్యా!" అన్నారాయన.

పోసిన పిమ్మట వారం రోజులు గోనెపట్టాలు కప్పి తడుపుతూనే ఉన్నారు. ఆ కల్లం నేటికీ బీటవారలేదు.

మిరపకోతల రోజుల్లో మా తరగతిలో కొన్ని బల్లలు ఖాళీ అవుతాయి. ఆ పిల్లల కూలి ఇంటికి అవసరమే, కాదనలేను. కాని అప్పుడు తప్పిపోయిన పాఠాలు దిమ్మిస పడని పొరల వంటివి. బీట పైకి కనబడేది పరీక్షనాడే. కోతలు ముగిసి వారు తిరిగి వచ్చిన నాడు, ఆ పొరలను మళ్లీ కొట్టడం అధ్యాపకుని బాధ్యత.