కారణం తెలియని కడుపునొప్పి

మూడు నెలలు నిండినా మా పాప పాలు తాగిన ప్రతిసారీ కక్కేది. రాత్రులు కాళ్లు కడుపులోకి ముడుచుకొని ఏడ్చేది. పరీక్షలలో ఏ కారణమూ తేలలేదు.

డబ్బాపాలు పట్టమని అత్తగారు, తేనె నాకించమని పొరుగువారు చెప్పారు. ఏడాదిలోపు శిశువుకు తేనె వల్ల బొటులిజం అనే ప్రమాదకరమైన వ్యాధి రావచ్చునని వైద్యురాలు వారించారు. ఆమె సలహాపై నేను రెండు వారాలు పాలు, పెరుగు మానినా మార్పు రాలేదు.

వాంతి ఆకుపచ్చగా ఉన్నా, విరేచనంలో రక్తం కనిపించినా, బరువు పెరగకున్నా వెంటనే తీసుకురమ్మన్నారు. ఆ మూడింటినీ నోటుపుస్తకంలో రాసుకున్నాను. వారం వారం బరువు పెరుగుతూనే ఉంది. ఆ అంకెలు చూశాక అత్తగారు డబ్బాపాల మాట ఎత్తలేదు. అర్ధరాత్రి పాపను తన భుజాన వేసుకొని నన్ను పడుకోమనేవారు.

ఆరో నెలకు కక్కడం తగ్గింది, ఆగలేదు. కారణం నేటికీ తెలియదు. దుఆ చేస్తూ, పాలిస్తూ, ఆ పుస్తకంలో ఇంకా రాస్తూనే ఉన్నాను.