తుఫాను హెచ్చరిక: వినిపించడం వేరు, అందడం వేరు



అక్టోబరు, నవంబరు నెలలు మన తీర జిల్లాలకు తుఫానుల కాలం. మే నెలలో మరొక గండం ఉంటుంది. ఇటువంటి సమయంలో వైద్యుడినైన నేను మందులను గురించి గాక మాటలను గురించి వ్రాయడం మీకు వింతగా తోచవచ్చు. కానీ నా ప్రభుత్వోద్యోగ కాలంలో మందు అందక పోయిన ప్రాణాలను ఎలా చూశానో, మాట అందక పోయిన ప్రాణాలనూ అలాగే చూశాను. వాటిలో ఒకటి నా ఖాతాలోనిదే.

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తే నాటికి నేను వైద్య పట్టా పుచ్చుకొని ఎంతో కాలం కాలేదు. సహాయ బృందంతో పాటు అవనిగడ్డ ప్రాంతానికి వెళ్లాను. సుమారు పదివేల మందిని పొట్టన పెట్టుకున్న విపత్తు అది. శిబిరంలో ఒక వృద్ధ రైతు చేతి గాయానికి కుట్లు వేస్తూ, “ముందుగా కబురు తెలియలేదా?” అని అడిగాను.

“తెలిసింది బాబూ. తుఫాను వస్తుందన్నారు. తుఫాను మాకు కొత్తా? తలుపులు బిగించుకొని ఇంట్లో కూర్చున్నాం. సముద్రం ఊళ్లోకి వస్తుందని మాతో ఎవరన్నారు?” అన్నాడాయన.

ఆ మాటను నేను నేటికీ మరువలేదు. ఆయన దృష్టిలో తుఫాను అంటే గాలి, వాన. గాలివానకు ఇల్లు కదలకపోవడమే జాగ్రత్త. ఉప్పెనకు ఇల్లు విడిచి ఎత్తయిన చోటికి చేరడమే జాగ్రత్త. ఒక్క మాట తేడాతో చేయవలసిన పని తలకిందులవుతుంది. ఆయన హెచ్చరికను పెడచెవిన పెట్టలేదు. తనకు అర్థమైనంత మేరకు శ్రద్ధగానే పాటించాడు.

రేవుల్లో ఎగురవేసే ప్రమాద సూచికల సంగతి చూడండి. ఒకటి నుంచి పదకొండు వరకు ఉండే ఆ సంఖ్యలు ఓడలకోసం ఏర్పడినవి. పదవ నంబరు సూచిక చూడగానే ఏమి చేయాలో నావికుడికి తెలుసు. గట్టు మీది గుడిసెలో పసిబిడ్డతో ఉన్న తల్లికి ఆ సంఖ్య ఏమి చెబుతుంది? ఎరుపు, నారింజ, పసుపు రంగుల హెచ్చరికలూ అంతే. “ఈ రాత్రి సముద్రపు నీరు మీ ఇంటి చూరు దాకా రావచ్చు. చీకటి పడక ముందే బడి మేడ మీదికి రండి” అన్నప్పుడే ఆమెకు విషయం తెలుస్తుంది.

ఇంత తెలిసిన నేను పదమూడేళ్ల తరువాత మరో తప్పు చేశాను.

1990 మే 9న తీవ్రమైన తుఫాను మళ్లీ కృష్ణా తీరాన్ని తాకింది. అప్పుడు నేను ఆ ప్రాంతంలో ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వైద్యాధికారిని. ముందు రోజు జీపుకు మైకు కట్టుకొని ఊరూరా తిరిగాను. ఉప్పెన అనే మాటను స్పష్టంగా పలికాను. ఎక్కడికి రావాలో, ఏ వేళకు రావాలో చెప్పాను. ఆ తుఫానులో లక్షలాది మందిని ముందుగానే తరలించడం వల్ల మృతుల సంఖ్య వెయ్యికి లోపే ఉండిపోయింది. 1977తో పోలిస్తే అది గొప్ప విజయమే. అయితే ఆ మృతులలో మా ఊరి చివర ఒంటరిగా ఉండే ఒక వృద్ధురాలు ఉంది. ఇంటి గోడ ఆమె మీద కూలింది.

“అంత చెప్పినా వినలేదే!” అని నేను విసుక్కుంటే, మా ఏఎన్ఎం తల వంచుకొని చెప్పింది: “ఆమె విన్నది డాక్టరు గారూ. నేనే స్వయంగా వెళ్లి పిలిచాను. బళ్లో మరుగుదొడ్డి లేదుగా అమ్మాయ్, నా సంగతి నీకు తెలుసు, అంతమంది మగవాళ్ల మధ్య రాత్రంతా నేనెలా ఉండను అన్నది.”

ఆమె సంగతి నాకూ తెలుసు. రెండు నెలల క్రితమే నా వద్దకు వచ్చింది. గర్భసంచి జారి, దగ్గినా తుమ్మినా మూత్రం ఆగని బాధ. ఓపీ చీటీ మీద నా చేతితోనే వ్రాశాను. ఆ చీటీకి, మైకుకూ మధ్య సంబంధం ఉందని నాకు తట్టలేదు. గోనెపట్టాతో ఒక మూల మరుగు కట్టించి ఒక బకెట్టు, నాలుగు పాత చీరలు ఉంచి ఉంటే ఆమె వచ్చేదేమో!

ఆ తరువాత మేము ఒక నోటు పుస్తకం పెట్టుకున్నాం. ఊరిలో మంచం పట్టినవారు, నెలలు నిండిన గర్భిణులు, చెవిటివారు, చూపు లేనివారు, ఒంటరి వృద్ధులు, చెరువుల వద్ద కాపలా ఉండే పొరుగు రాష్ట్రాల కూలీలు, వీరందరి పేర్లు వ్రాశాం. ప్రతి పేరు ఎదుట ఒకే ప్రశ్న: “రమ్మంటే రావడానికి మీకు అడ్డమేమిటి?” వచ్చిన జవాబులు మమ్మల్ని ఆశ్చర్యపరిచాయి. ఒకరికి మేకలు, ఒకరికి ఇంట్లోని ధాన్యం, ఒకరికి కదలలేని భర్త. మూర్ఖత్వం ఒక్కరిలోనూ కనబడలేదు. ప్రతి అడ్డంకికీ ఏదో ఒక ఉపాయం ఉండనే ఉంది.

నేడు వాతావరణ శాఖ 48 గంటల ముందే తుఫాను సూచన, 24 గంటల ముందు హెచ్చరిక ఇవ్వగలుగుతోంది. మన చేతిలోని ఫోను గట్టిగా మోగి మరీ చెబుతోంది. ఫోను లేనివారికి, చదవలేనివారికి, ఆ మోత వినబడనివారికి ఆ కబురు చేర్చవలసింది మాత్రం మనమే. చెప్పేటప్పుడు వారికి తెలిసిన మనిషి చేత, వారి భాషలో, చేయవలసిన పనితో సహా చెప్పించండి. చెప్పిన తరువాత “ఇప్పుడు మీరేం చేస్తారు?” అని అడిగి, వారి నోట వినండి. వారు తిరిగి చెప్పగలిగితేనే కబురు అందినట్లు.

వైద్యుడిగా మరికొన్ని మాటలు. రక్తపోటు, గుండెజబ్బు, మూర్ఛ, క్షయ మందులు వాడేవారు కనీసం వారం రోజులకు సరిపడా మందులను, వైద్యుని చీటీని నీరు చొరని సంచిలో సర్దుకోవాలి. ముఖ్యంగా మూర్ఛ మందు ఒక్క పూట కూడా మానరాదు. వాడుకలో ఉన్న ఇన్సులిన్ సీసా ఎండ తగలని చల్లని చోట ఉంటే సుమారు నాలుగు వారాలు పాడుకాదు. కరెంటు పోయిందని సూది మానివేయకండి. తడిగుడ్డ చుట్టి కుండ పక్కన ఉంచండి, మంచులో మాత్రం పెట్టకండి. డయాలసిస్ చేయించుకునేవారు హెచ్చరిక వినగానే తమ కేంద్రంతో మాట్లాడి, వీలైతే ఒక రోజు ముందే చేయించుకోవాలి. ప్రసవం దగ్గరపడినవారిని దారులు తెగిపోక ముందే ఆసుపత్రి ఉన్న ఊరికి చేర్చాలి. తుఫాను వెలిసిన తరువాత మరగకాచిన నీరే త్రాగాలి.

మిత్రులారా, ఈ వారం మీరు ఒక్క పని చేయండి. మీ వీధిలో ఒంటరిగా ఉండే పెద్దవారి ఇంటికి వెళ్లి కాసేపు కూర్చోండి. “తుఫాను వచ్చి, ఇల్లు వదిలి రమ్మంటే మీకు కష్టమేమిటి?” అని అడగండి. మొదట “ఏమీ లేదు నాయనా” అంటారు. లేచి రాకండి. అసలు కారణం సిగ్గుతో కూడినదైతే అది రెండోసారి అడిగితే గాని బయటికి రాదు. నేను ఆనాడు ఒక్కసారి కూడా అడగలేదు.