పరుగెత్తని కాలు

మా మేనల్లుడికీ నాకూ ఆస్తి తగాదాలు లేవు. ఉన్న ఒక్క తగాదా క్వార్టర్‌బ్యాక్ గురించి. వాడుండేది డల్లాస్ పక్కన, నేనుండేది కరీంనగర్‌లో. అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఆ మనిషికి బంతి విసరడం బాగా రావాలా, దాన్ని చంకన పెట్టుకొని ఉరకడం బాగా రావాలా అన్నది మా పంచాయితీ. వాడు విసురుడు పక్షం, నేను ఉరుకుడు పక్షం. వాళ్ల ఆదివారం మధ్యాహ్నం ఆటలు మనకు రాత్రి పది దాటాకే మొదలవుతాయి కనుక, ఫోన్లో మా గొంతులు లేచే వేళకు మా ఇంటావిడ తలుపేసుకొని పడుకుంటుంది.

ఆట తెలియనివాళ్లకు రెండు మాటలు. పేరులో ఫుట్ ఉన్నా పని ఎక్కువగా చేతులదే. జట్టుకు పదకొండుగురు. నాలుగు ప్రయత్నాల్లో కనీసం పది గజాలు ముందుకు జరగాలి, లేదంటే బంతి అవతలి జట్టుకు పోతుంది. గజం అంటే మనకు ప్లాటు ధర గుర్తొస్తుంది. వాళ్ల ఆటా స్థలం బేరమే, గజం గజం కొట్లాడి తీసుకోవాలి. చివరి గీత దాటితే టచ్‌డౌన్. ఇంచుమించు ప్రతిసారీ బంతి ముందుగా చేరేది క్వార్టర్‌బ్యాక్ చేతికే. వంద కిలోలు దాటినవాళ్లు మీదికొస్తుంటే రెండు మూడు సెకన్లలో తేల్చుకోవాలి, విసరాలా, పక్కవాడి చేతిలో పెట్టాలా, తానే ఉరకాలా అని.

నేను ఉరుకుడు పక్షం చేరడానికి కబడ్డీ కారణం. కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో పెరిగిన పిల్లవాడికి ఖర్చు లేకుండా దొరికే ఆట అది. బడి వెనక ఇంత మట్టి, సున్నంతో నాలుగు గీతలు ఉంటే చాలు. కూతకు పోయినవాడు ఒక్కడు, ఎదురుగా ఏడుగురు, ముప్పై సెకన్లు. ఇరుక్కుంటే ఎవరికో అందించి తప్పుకుందామంటే అక్కడ బంతే లేదు. తన కాలు, తన దమ్ము. ఆ ఆట మీద కన్ను తయారైనవాడికి, నిలబడి నిలబడి బంతి విసిరేసేవాడు తన పని ఇంకొకడి నెత్తిన పెట్టినట్టే కనబడతాడు. బాల్టిమోర్ జట్టు క్వార్టర్‌బ్యాక్ లామార్ జాక్సన్ ఇద్దరి మధ్య నుంచి జారిపోతే మాత్రం నేను కుర్చీలో కూర్చోలేను.

"మామా, ముందు మీ టైటాన్స్‌ను చూసి మాట్లాడు" అంటాడు వాడు. 2023 వేలంలో తెలుగు టైటాన్స్ పవన్ సెహ్రావత్‌ను 2 కోట్ల 60 లక్షల 50 వేలకు కొన్నది. ప్రో కబడ్డీలో అప్పటిదాకా అంత ధర ఎవరికీ పలకలేదు. పవన్ కూతకు పోయి పాయింట్లు తెచ్చాడు, ఆ మాట కాదనలేం. జట్టు మాత్రం పట్టికలో అట్టడుగున నిలిచింది. కప్పు ఊసెత్తితే ఇద్దరం మెత్తబడతాం. టైటాన్స్‌కు ఇప్పటిదాకా అది దక్కలేదు, వాడి డల్లాస్ కౌబాయ్స్ 1996 జనవరి తర్వాత సూపర్ బౌల్ అనే ఆఖరి పోరు ముఖమే చూడలేదు.

వాడి తురుపు ముక్క క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీ. 2000లో కొత్త ఆటగాళ్లకు పెట్టిన పరీక్షలో బ్రేడీ నలభై గజాలు ఉరకడానికి 5.28 సెకన్లు తీసుకున్నాడు. జట్లన్నీ కలిసి 198 మందిని ఎంచుకున్నాక గానీ అతని పేరు పిలవలేదు. ఆ మనిషే 23 సీజన్లు ఆడి ఏడు సూపర్ బౌల్‌లు గెలిచాడు. ఇన్నేళ్ల లీగ్ మ్యాచుల్లో బ్రేడీ ఉరికిన దూరమంతా కలిపితే 1,123 గజాలు. జాక్సన్ 2019లో ఒక్క సీజన్లోనే 1,206 గజాలు ఉరికాడు. ఈ లెక్క చెప్పి నేను మీసం మీద చెయ్యి వేస్తే, వాడు నిమ్మళంగా అడుగుతాడు: "ఉరికినోడికి సూపర్ బౌల్‌లు ఎన్ని మామా?" ఇంకా ఒక్కటీ లేదు. అక్కడ నా నోరు పడిపోతుంది.

పరుగుకు ఒళ్లు కట్టాల్సిన వెల కూడా తక్కువేం కాదు. 2012లో వాషింగ్టన్ జట్టుకు కొత్తగా వచ్చిన రాబర్ట్ గ్రిఫిన్ 815 గజాలు ఉరికి అందరినీ ఊపేశాడు. 2013 జనవరిలో మోకాలు పోయింది, ఆ పరుగు మళ్లీ రాలేదు. వాడి కౌబాయ్ డాక్ ప్రెస్కాట్‌కు 2020 అక్టోబరులో బంతి పట్టుకొని ఉరుకుతుంటేనే చీలమండ విరిగింది. అసలు ఈ ఆటలో బంతిని ముందుకు విసరనిచ్చిందే 1906లో. అంతకుముందు కుప్పగా పడి కుమ్ముకోవడమే. 1905లో మైదానాల్లో కుర్రాళ్ల ప్రాణాలు పోతుంటే అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ కలగజేసుకున్నాడు, మరుసటి ఏడు నియమాలు మారాయి. మనుషులు బతకడానికి వచ్చిన విద్యను నువ్వు తక్కువ చేస్తున్నావని మా వాడి నింద.

వాడికి తెలియని సాక్షి ఒకడు హైదరాబాద్‌లోనే ఉన్నాడు. తెలిస్తే నా మీదికే వాడతాడని చాలాకాలం చెప్పలేదు. అది వేరే ఫుట్‌బాల్, నిజంగా కాలితో ఆడేది. బడిపంతులుగా మొదలైన సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. రహీం సాబ్‌కు బంతిని కాలికి అంటించుకొని తిప్పేవాళ్లంటే గిట్టదు. తాకగానే అందించాలి. డ్రిబ్లింగ్ చేయకూడదన్న షరతుతో పోటీలే పెట్టించాడు. ఆయన చేతి కింద భారత జట్టు 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికి వచ్చింది, 1962 జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చింది. అయితే ఆ జట్టులో ఉన్నది ఎవరు? గాలిలా దూసుకుపోయే పీకే బెనర్జీ, నలుగురిని కమ్మగా తప్పించే చునీ గోస్వామి, సికింద్రాబాద్ అమ్ముగూడ నుంచి వచ్చిన తులసీదాస్ బలరాం. కాళ్లలో సత్తా ఉన్నవాళ్లకే రహీం అందించడం నేర్పాడు. ఈ సంగతి మేనల్లుడికి చెప్పినప్పుడు మొదటి సగం వినగానే "చూసినవా మామా!" అన్నాడు. రెండో సగానికి సిగ్నల్ సరిగా లేదట.

ఆ బలరాం 2023 ఫిబ్రవరి 16న కోల్‌కతాలో కన్నుమూశాడు. అదే వారం, సోమవారం తెల్లవారి అయిదింటికి లేచి నేను సూపర్ బౌల్ చూశాను. ఫిలడెల్ఫియా తరఫున జేలెన్ హర్ట్స్, మా పక్షం మనిషి. కాన్సస్ సిటీ తరఫున ప్యాట్రిక్ మహోమ్స్, వాడి పక్షం, పైగా చీలమండ బెణికి కుంటుతున్నాడు. హర్ట్స్ 70 గజాలు ఉరికి మూడు టచ్‌డౌన్‌లు చేశాడు, విసిరి 304 గజాలు సాధించాడు. ఒక్కసారి ఉరకబోతూ బంతి జారవిడిచాడు. అవతలివాళ్లు దాన్ని ఎత్తుకొని పోయి టచ్‌డౌన్ చేసుకున్నారు. చివరి మూడు నిమిషాల్లో స్కోరు సమం. అప్పుడు ఆ కుంటుతున్న మహోమ్స్ బంతి విసరకుండా మధ్యలోంచి 26 గజాలు ఉరికాడు. 38-35తో కాన్సస్ సిటీ గెలిచింది. ఉరికేవాడు విసిరి మెప్పించాడు, విసిరేవాడు ఉరికి గెలిపించాడు. ఎవరి వాదం నెగ్గినట్టో తెలియక ఆ పొద్దు ఇద్దరం ఫోన్ చేసుకోలేదు.

అంబేద్కర్ స్టేడియంలో నడకకు వచ్చే రిటైర్డు పీఈటీ సారుకు ఈ కథంతా చెప్పాను. ఆయనకు ఆ ఆట తెలియదు, కబడ్డీ తెలుసు. "పట్టేటోడు ఎప్పుడైనా కాలునే చూస్తుంటడు సారూ. ఎప్పుడు లేస్తదోనని ఒక్క అడుగు ఎనక్కి పోతడు. కూతకు పోయినోనికి ఆ అడుగే కావాలె" అన్నాడు. 26 గజాల సందు ఎక్కణ్నుంచి వచ్చిందో నాకప్పుడు అర్థమైంది. బెణికిన కాలు లేస్తుందని ఎవరూ కాచుకోలేదని నా లెక్క. జాక్సన్ సంగతి దీనికి తలకిందులు. అతను ఉరుకుతాడేమోనన్న భయంతో ఒక మనిషిని అచ్చంగా కాపలాకే పెడతారు, వాళ్ల భాషలో గూఢచారి. ఆ గూఢచారి కాళ్లను కనిపెట్టి ఉన్నంతసేపు వెనక ఒక చోటు ఖాళీ. 1,206 గజాలు ఉరికిన ఆ 2019లోనే లీగ్ మొత్తంలో ఎక్కువ టచ్‌డౌన్‌లు విసిరింది కూడా జాక్సనే, 36. ఉరికిన గజాలు పట్టికకెక్కుతాయి. ఉరకకుండా సంపాదించినవి ఏ పట్టికలోనూ ఉండవు.

ఇది చెబితే మేనల్లుడు ఎగిరి గంతేశాడు. "అంటే ఉరుకుడు కూడా విసురుడు కోసమేనని ఒప్పుకున్నట్టే గదా!" నేను ఒప్పుకోలేదు. ఆ భయమే లేకపోతే ఆ ఖాళీ ఎక్కడిదని అడిగాను. 2024 సీజన్‌తో పంచాయితీ ఇంకా ముదిరింది. ఉత్తమ ఆటగాడి బిరుదు బఫెలో క్వార్టర్‌బ్యాక్ జోష్ అలెన్‌కు వచ్చింది. లీగ్ దశలో అతను విసిరిన టచ్‌డౌన్‌లు 28, ఉరికి చేసినవి 12. వాడు ఇరవై ఎనిమిది అంటాడు, నేను పన్నెండు అంటాను.