దీపమును మోటారును

ప్రభుత్వము ప్రజల క్రయవిక్రయములలో జోక్యము కలిగించుకొనవచ్చునా, కూడదా యను వాదము చిరకాలముగ జరుగుచున్నది. ఈ ప్రశ్నకు గ్రంథములలో లభింపని సమాధానము నాకు మా యింటి దీపమునందును, మా బంధువుల చేని మోటారునందును కొంత లభించినది.

ముందు దీపము మాట. పూర్వము మా యింట 60 వాట్ల గాజుబుడ్లు వెలిగెడివి. అవి వెలుగుకంటె వేడినే యెక్కువగ నిచ్చెడివి. దినమునకు 5 గంటల చొప్పున అట్టి దీప మొక్కటి నెలకు 9 యూనిట్ల విద్యుత్తును మ్రింగును. దాని స్థానమున నేడు వెలుగుచున్న 9 వాట్ల ఎల్.ఇ.డి. దీపమునకు ఒకటిన్నర యూనిట్టయినను పట్టదు. ఈ లాభము తెలిసియు సామాన్య గృహస్థు తొలినాళ్లలో దానిని కొనలేకపోయెను. ధర తగ్గనిదే కొనువారు రారు. కొనువారు రానిదే ధర తగ్గదు. ఈ ముడిని విప్పుటకు 2014లో ఒక ప్రభుత్వ సంస్థ పూనుకొని లక్షల సంఖ్యలో, పిదప కోట్ల సంఖ్యలో దీపములను టోకున బేరమాడి కొనసాగెను. 2015 జనవరిలో ఆ పథకము దేశవ్యాప్తమై, తరువాత ఉజాలా యను పేరు దాల్చెను. 2014లో సుమారు 310 రూపాయలుగ నుండిన టోకు ధర 2016 నాటికి 40 రూపాయలకు లోబడెను. ప్రపంచమంతటను ధర తగ్గుచుండిన కాలమే యది. అయినను ఇంత వేగముగ తగ్గుటకు ఆ బేరమే ముఖ్యకారణము. దీపమునకు వెల యిచ్చినవాడు గృహస్థుడే. ప్రభుత్వ మిచ్చినది బేరమాడు బలము మాత్రమే.

ఇక మోటారు మాట. 2004లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము వ్యవసాయమునకు ఉచిత విద్యుత్తు నొసగెను. ఇందు న్యాయము లేకపోలేదు. కాలువక్రింది రైతునకు నీరు ఇంచుమించు ఊరకయే పారుచుండ, మెట్టరైతు అప్పుచేసి బోరు వేయవలసివచ్చుచుండెను. అయితే చేని మీటరు అంతకుముందే అదృశ్యమైనది. మోటారు అశ్వశక్తినిబట్టి ఒకే మొత్తము చెల్లించుట వాడుకయై, గంటసేపు తిప్పినను దినమంతయు తిప్పినను ఖర్చు ఒక్కటే యయ్యెను. ఉచిత విద్యుత్తు ఆ మొత్తమును గూడ తీసివేసినది.

సరఫరాయో, దినమునకు 7 గంటలు. అందు కొంత రాత్రివేళ. చీకటిలో మోటారు వేయబోయి పాముకాటునకును విద్యుదాఘాతమునకును బలియైన రైతులు కలరు. అందుచే ఆటో స్టార్టరను చిన్న పెట్టె ప్రతి బోరుకడను వెలసెను. కరెంటు వచ్చినంతనే మోటారు తనంతట తిరుగును. ప్రాణభయముచే పెట్టుకొనిన పెట్టెకై రైతును నిందింపరాదు. కాని మడి నిండినదో లేదో ఆ పెట్టె యెరుగదు. 5 అశ్వశక్తుల మోటారు 7 గంటలలో వాడు విద్యుత్తు 26 యూనిట్లకు తక్కువ కాదు. మా యింటి దీప మొకదానికి అది పందొమ్మిది నెలల గ్రాసము! నీరు గట్లు దాటి పొర్లును, భూగర్భజలము దిగిపోవును. మరింత లోతునకు బోరు వేయగల ధనికునకు ఉచిత విద్యుత్తు అక్కరకు వచ్చును. బోరెండిన పేదరైతునకు దానివలన ఫలమేమి? తెలంగాణమున 2018 జనవరి 1 నుండి వ్యవసాయమునకు 24 గంటల సరఫరా ఆరంభించినపుడు, ఆటో స్టార్టర్లను తొలగింపుడని ప్రభుత్వమే రైతులను వేడుకొనవలసివచ్చెను.

కనుక ప్రభుత్వము సాయపడుట దోషము కాదు. సాయముపేర లెక్కను చెరిపివేయుట దోషము. లెక్క చెడకుండ సాయపడు మార్గము లేకపోలేదు. పంజాబులో 2018లో ఆరంభమైన ఒక పథకమునందు, తనకు నిర్ణయించిన పరిమాణములో ఆదా చేసిన యూనిట్టు కొకటికి 4 రూపాయల చొప్పున రైతునకే చెల్లించిరి. 2020లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము శ్రీకాకుళము జిల్లాలో మోటార్లకు మీటర్లు పెట్టించి, విద్యుత్తు వెలను రైతుల ఖాతాలలో జమచేయు ప్రయత్న మారంభించెను. నేడు మీటరు వచ్చిన రేపు బిల్లు రాదాయని పలువురు రైతులు శంకించిరి. ఆ శంక అజ్ఞానము కాదు. వాగ్దానము మరచు పాలకులను చూచినవారి అనుభవమది.

చదువరులారా! మనము మీటరు చూచికొని దీపమార్పుచున్నామన్న, అందు మన సొమ్ము మిగులుచున్నది గనుకనే. రైతునకును ఆ లాభమే కనబడవలెను. ముందు సొమ్ము అతని ఖాతాలో పడవలెను. మీటరు పిదప తిరుగవలెను.